గళ్ళ కాగితం



ఈ నెల నాకొక ఉత్తరం వచ్చింది. రాసిన అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఊరు మైలవరం. ఆ పేరు గల ఊళ్ళు మన రాష్ట్రంలో ఒకటికి మించి ఉన్నాయి. ఇది కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర, పెన్నానదికి ఆనకట్ట కట్టిన మైలవరం.

ఆ అమ్మాయి ఇలా రాసింది: "సార్, మా నాయన మగ్గం నేస్తాడు. నాకు బొమ్మలు గీయటం ఇష్టం. పెద్దయినాక డిజైన్లు చేయాలని ఉంది. మా నాయనకు చెబితే, 'బొమ్మలు సంగటి పెడతాయా?' అన్నాడు. మా అన్న, 'అవన్నీ బొంబాయిలో, బెంగుళూరులో ఉండేవాళ్ళకు. మన ఊళ్ళో ఏముంది?' అన్నాడు. నిజంగా మన ఊళ్ళో ఏమీ లేదా సార్?"

ఈ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. ఎందుకంటే, ఈ ప్రశ్నను ముప్ఫై ఏళ్ళ కిందట ఒక కుర్రవాడు నన్ను అడగవలసింది. అడగలేదు. వాడి నోరు మూయించింది నేనే. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత ఈ అమ్మాయికి జవాబు చెబుతాను.

అప్పుడు నేను ఆ ప్రాంతంలోనే ఒక పల్లె హైస్కూల్లో లెక్కల మాస్టరుగా ఉండేవాణ్ణి. పదో తరగతి వాళ్ళకు గ్రాఫులు గీయటం నేర్పుతున్నాను. వెనక బెంచీలో ఒక కుర్రవాడు తలెత్తకుండా ఏదో చేసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే గ్రాఫు పుస్తకం నిండా పువ్వులు! ఒక్కొక్క గడీ పెన్సిలుతో నింపి పువ్వులు, ఆకులు, మామిడి పిందెలు చేశాడు. పోనీ, ఆ పువ్వులైనా గుండ్రంగా ఉన్నాయా అంటే అదీ లేదు. పైనుంచి నొక్కినట్టు అడ్డంగా సాగి ఉన్నాయి. నేను పుస్తకం పైకెత్తి క్లాసుకంతా చూపించి, "చూడండిరా, వీడి పువ్వును ఎద్దు తొక్కింది!" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పేజీ అడుగున ఎర్ర సిరాతో "ఇది లెక్కల పుస్తకం" అని రాసి, వాడి చేతికిచ్చేశాను.

మరునాటి నుంచి వాడు బడికి రాలేదు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

వాళ్ళ నాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తున్నాడు. మగ్గం పైన జాకార్డు పెట్టె, దానికి తగిలించిన అట్టల దండ ఉన్నాయి. కుర్రవాడు ఒక మూల కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"రాండి సార్, కూర్చోండి," అన్నాడు వాళ్ళ నాయన. "పెండ్లి చీర సార్. గడువు దాటితే సావుకారి ఒప్పుకోడు. అందుకని వాణ్ణి బడికి పంపలేదు."

మగ్గం ఎదురుగా గోడకు ఒక గ్రాఫు కాగితం అంటించి ఉంది. దాని మీద అదే సొట్ట పువ్వు. మగ్గం మీది చీర అంచు చూశాను. అక్కడా అదే పువ్వు. కాని సొట్టగా లేదు. గుండ్రంగా, చంద్రబింబంలాగా ఉంది!

నేను ఆశ్చర్యపోయి, "కాగితం మీద సొట్టగా ఉన్నది బట్ట మీద గుండ్రంగా ఎట్లా వచ్చిందిరా?" అని అడిగాను.

వాడు తలెత్తకుండానే, "పడుగు పోగులు దట్టం సార్, పేక పోగులు పలచన. కాగితం మీద గుండ్రంగా గీస్తే, బట్ట మీద నిలువుగా సాగిపోతాది," అన్నాడు.

ఇందులో ఉన్న లెక్క మీకు అర్థమయిందా? బట్టలో నిలువుగా ఉండే పోగులను పడుగు అంటారు. అడ్డంగా నేసే పోగులను పేక అంటారు. గ్రాఫు కాగితం మీద ఒక్కొక్క నిలువు వరుస ఒక్కొక్క పడుగు పోగు. ఒక్కొక్క అడ్డ వరుస ఒక్కొక్క పేక పోగు. ఉదాహరణకు, బట్టలో అంగుళానికి పడుగు పోగులు 80, పేక పోగులు 60 ఉన్నాయనుకోండి. అంగుళం వెడల్పు, అంగుళం ఎత్తు గల పువ్వు కావాలంటే కాగితం మీద 80 గడుల వెడల్పు, 60 గడుల ఎత్తు ఉండాలి. గడులన్నీ సమానమే గనుక, కాగితం మీద ఆ పువ్వు అడ్డంగా సాగినట్టు కనిపిస్తుంది. తెలియక 60 గడుల వెడల్పు, 60 గడుల ఎత్తుతో గుండ్రంగా గీస్తే, బట్ట మీద దాని ఎత్తు అంగుళం ఉంటుంది గాని, వెడల్పు ముప్పావు అంగుళమే వస్తుంది.

నిష్పత్తులు పాఠంగా చెప్పే మాస్టర్ని నేను. వాటిని పనిలో పెట్టినవాడు వాడు. ఎద్దు తొక్కింది పువ్వును కాదు! ఆ రోజు నేను వాడి వీపు తట్టి, "బాగుందిరా," అని వచ్చేశాను. నా తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాను.

కాని అసలు తప్పు దిద్దుకోలేదు. వాడు పదో తరగతి పాసయ్యాడు. అంతటితో చదువు ఆపేశాడు. నేను వాడి పువ్వును మెచ్చుకున్నాను గాని, ఆ పువ్వుకు పైన ఒక చదువుందని చెప్పలేదు. చెప్పటానికి నాకే తెలియదు. నెల్లూరు దగ్గరి వెంకటగిరిలో 1992 నుంచే చేనేత సాంకేతిక విద్య నేర్పే సంస్థ ఒకటి ఉంది. పదో తరగతి పాసయినవాళ్ళు అందులో మూడేళ్ళ డిప్లొమా చదవవచ్చు. ఈ సంగతి నాకు తెలిసేసరికి వాడికి పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టారు. చూశారా? మాస్టరుకు తెలియని సంగతి ఒక్కోసారి పిల్లవాడి బతుకును మార్చేస్తుంది. అందుకే ఇప్పుడు తెలిసినదంతా చెబుతున్నాను.

అసలు డిజైను అంటే ఏమిటి? అందంగా బొమ్మలు వేయటమేనా? కాదు. మీ ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబును ఒకసారి తీసుకురండి.

1958లో మన ప్రభుత్వం పిలిస్తే చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు అమెరికా నుంచి వచ్చారు. ఇద్దరూ పేరుపొందిన డిజైనర్లు. దేశమంతా తిరిగి, మన దేశంలో డిజైను చదువు ఎలా ఉండాలో ఒక నివేదిక రాశారు. తాము మన దేశంలో చూసి మెచ్చుకున్న వస్తువులన్నిటిలోకీ గొప్పదిగా వాళ్ళు ఎంచుకున్నది దేన్నో తెలుసా? కోటల్లోని సింహాసనాన్నో, రాజుల కిరీటాన్నో కాదు. చెంబును!

ఎందుకో మీరే చెంబు పట్టుకుని చూడండి. ఎన్ని నీళ్ళు పడితే ఒక మనిషి మోయగలడు? మెడ దగ్గర వేళ్ళు జారకుండా ఎలా ఆనుతాయి? నిండుగా ఉన్నప్పుడూ, ఖాళీగా ఉన్నప్పుడూ ఒరగకుండా ఎలా నిలుస్తుంది? వంచితే నీళ్ళు చిందకుండా ధారగా ఎలా పడతాయి? తోమటానికి లోపలికి చెయ్యి పట్టేంత మూతి ఉందా? ఇన్ని ప్రశ్నలకు ఒకే ఒక్క ఆకారం జవాబు చెబుతోంది. దీన్ని ఏ ఒక్కరో ఒకనాడు కూర్చుని తయారుచేయలేదు. తరతరాలుగా ఎందరో కంచరివాళ్ళు, ఎందరో ఇల్లాళ్ళు కొంచెం కొంచెంగా సరిదిద్దుకుంటూ వచ్చారు. మనిషి అవసరాన్ని చూసి, దానికి తగిన రూపం ఆలోచించి, పదిసార్లు సరిదిద్దటమే డిజైను. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ ఏర్పడింది.

ఇప్పుడు మళ్ళీ మగ్గం దగ్గరికి వద్దాం. మన నేతగాళ్ళు "జాకార్డు" అనేది ఒక మనిషి పేరు. ఫ్రాన్సు దేశంలో లియాన్ అనే పట్టు నేత పట్టణం ఉంది. అక్కడ 1752లో ఒక నేతగాని ఇంట్లో జోసెఫ్ మరీ జాకార్ పుట్టాడు. ఆ రోజుల్లో పువ్వుల బట్ట నేయాలంటే మగ్గం దగ్గర మరొకరు కూర్చుని, నేతగాడు చెప్పినప్పుడల్లా తాళ్ళు లాగుతూ ఉండాలి. ఆ పని చాలావరకు పిల్లలే చేసేవారు. జాకార్ తనకు ముందువాళ్ళు చేసిన ప్రయత్నాలన్నీ చూసి, వాటిని మెరుగుపరచి, 1804లో ఈ యంత్రం చేశాడు. ఇందులో ఒక్కొక్క పేక పోగుకు ఒక్కొక్క అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం పైకి లేస్తుంది, దానితో పడుగు పోగు లేస్తుంది. రంధ్రం లేనిచోట లేవదు. తాళ్ళు లాగే పిల్లల పనిని అట్టలు చేశాయి.

120 గడుల వెడల్పు, 120 గడుల ఎత్తు గల పువ్వులో ఎన్ని గడులు? 14,400. అట్టలు 120. ఒక్క రంధ్రం తప్పు పడితే, ఆ తప్పు చీర పొడుగునా ప్రతి పువ్వులోనూ కనిపిస్తుంది. ఈ అట్టల ఉపాయాన్నే 19వ శతాబ్దంలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. కంప్యూటరు కథలో అది మొదటి మెట్లలో ఒకటి. మీ నాన్నగారి ఫోనులో బొమ్మను బాగా పెద్దదిగా చేసి చూడండి. చిన్న చిన్న గడులే కనిపిస్తాయి. అదీ గళ్ళ కాగితమే! కాబట్టి మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలు, "మా ఇంట్లో ఏమీ లేదు," అనుకోనక్కరలేదు.

సరే, లియాన్ మనకు చాలా దూరం. దగ్గరి సంగతి చెబుతాను. తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరుంది. అక్కడ చింతకింది మల్లేశం అనే ఆయన నేతగాని ఇంట్లో పుట్టారు. ఆరో తరగతితో బడి మానవలసి వచ్చింది. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు "ఆసు పోయటం" అనే పని ఉంటుంది. అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పాలి. ఒక చీరకు దాదాపు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళది. మల్లేశం గారి తల్లికి భుజాలు, మోచేతులు నొప్పితో లేచేవి కావు. ఆ నొప్పి చూడలేక 1992లో ఆయన ఒక యంత్రం చేయటం మొదలుపెట్టారు. చెక్కతో, ఇనుముతో చేశారు. చెడిపోయింది. మళ్ళీ చేశారు. అప్పులయ్యాయి. మధ్యలో హైదరాబాదు వెళ్ళి పని చేశారు. అక్కడ చూసిన ఒక యంత్రపు కదలిక వల్ల మిగిలిపోయిన చిక్కు విడింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతుంది. చెయ్యి ఆడించనక్కరలేదు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇది విని, "అయితే చదువు మానేసినా ఫరవాలేదన్నమాట!" అనుకోకండి. అది ఈ కథకు అర్థం కాదు. చదువు, చేయూత ఉంటే ఆ ఏడేళ్ళు ఎన్నేళ్ళకు తగ్గేవో ఆలోచించండి. నేను చెప్పేది మరొకటి. ఏం చేయాలో ఆయన ఏ నగరంలోనూ వెతకలేదు. అది ఆయన ఇంట్లోనే, తల్లి భుజంలోనే ఉంది. కాని దాన్ని సాధించటానికి బయటికి వెళ్ళి నాలుగూ చూడవలసి వచ్చింది. ఊరు విడిచి వెళ్ళటం తప్పు కాదు. ఏ పని మీద వెళుతున్నామో తెలిసి వెళ్ళాలి.

మైలవరం అమ్మాయీ, ఇప్పుడు నీ చదువు సంగతి. ఆర్కిటెక్చరు, చిత్రలేఖనం, శిల్పం వంటి లలిత కళలు నేర్పే విశ్వవిద్యాలయం ఒకటి 2020లో మీ జిల్లాలోనే, కడపలోనే ఏర్పడింది. జాతీయ డిజైను సంస్థ మన రాష్ట్రంలో 2015లో గుంటూరు దగ్గర మొదలయింది. ఇంటర్మీడియట్ ఏ గ్రూపులో చదివినవాళ్ళయినా ఆ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఆ పరీక్షలో బట్టీ పట్టిన జవాబులు పనికిరావు. వస్తువును ఎలా చూస్తావు, ఎలా గీస్తావు, ఎలా ఆలోచిస్తావు అన్నదే చూస్తారు. ఆర్కిటెక్చరుకు మాత్రం ఇంటర్మీడియట్‌లో లెక్కలు ఉండాలి. నేత మీద ఇష్టముంటే వెంకటగిరి డిప్లొమా ఉంది. ఫీజులు, తేదీలు ఏటా మారుతుంటాయి గనుక ఆయా సంస్థల ప్రకటనలు చూసుకోవాలి. వీటిలో దేనికి వెళ్ళినా, ఇప్పటి నుంచి నువ్వు గీసిన ప్రతి కాగితానికీ తేదీ వేసి దాచుకో. చిత్తుకాగితాలు కూడా పారేయకు. ఒక ఆలోచన ఎలా మారుతూ వచ్చిందో వాటిలోనే కనిపిస్తుంది.

ఊళ్ళో పని ఉందా అని కదా నీ ప్రశ్న? మీ ప్రాంతంలో నేల కిందంతా నాపరాయి. పొరలు పొరలుగా ఉంటుంది గనుక పలకలుగా విడిపోతుంది. మన ఇళ్ళలో నేలకు, అలమరకు, వంట తిన్నెకు, చేను చుట్టూ కంచెకు కూడా అదే. ఒకే రాయికి ఇన్ని రూపాలిచ్చినవాళ్ళు మీ ఊరివాళ్ళే. రాయి కోసిన చోట ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటితో ఏం చేయవచ్చు? పక్కన ప్రొద్దుటూరులో బంగారు నగల అంగళ్ళు బారులు తీరి ఉన్నాయి. ప్రతి నగకూ ముందు ఒక కాగితం మీద గీత ఉండాలి కదా! ఆ గీత ఎవరు గీస్తారు? మీ ఇంట్లో మగ్గం ఉండనే ఉంది.

కష్టం లేదని మాత్రం నేను చెప్పను. చేతిమగ్గం మీద నెల రోజులు ఆలోచించి చేసిన పువ్వును మరమగ్గంవాళ్ళు చూసి, త్వరలోనే అలాంటిదే తక్కువ ధరకు అమ్ముతారు. అప్పుడు మనసు విరుగుతుంది. దీనికి కొంత రక్షణ ఉంది. 2000 సంవత్సరపు డిజైనుల చట్టం కింద కొత్త డిజైనును రిజిస్టరు చేయించుకుంటే, దాని మీద పదేళ్ళు హక్కు ఉంటుంది. మరో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. అయితే బజారులో పెట్టకముందే దరఖాస్తు చేయాలి. అమ్మిన తరువాత పరుగెత్తితే లాభం లేదు. ఇలాంటివి తెలియటానికే చదువు కావాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. "బొమ్మలు సంగటి పెడతాయా?" అని అడగటంలో తప్పు లేదు. అది బిడ్డ మీద ప్రేమతో అడిగే ప్రశ్నే. కాని ఆ ప్రశ్న అడిగి ఊరుకోకండి. జవాబు మీరూ వెతకండి. పిల్ల గీసిన కాగితం ఒకటి తీసుకుని, "ఇది ఎందుకిట్లా గీసినావమ్మా?" అని అడిగి చూడండి. నేను ఆ రోజు క్లాసులో ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది!

పిల్లలూ, ఇక ఈ నెల మీరు చేయవలసిన పని. ఒక గ్రాఫు కాగితం మీద 20 గడుల వెడల్పు, 20 గడుల ఎత్తులో ఒక మామిడి పింద గీయండి. గడి నింపితే పూర్తిగా నింపాలి, లేకపోతే వదిలేయాలి. సగం గడి నింపకూడదు. తరువాత, అంగుళానికి పడుగు 80, పేక 60 ఉన్న బట్ట కోసం అదే పిందను 20 గడుల వెడల్పు, 15 గడుల ఎత్తులో మళ్ళీ గీయండి. ఏ గడులు తీసేయాలో, ఏవి ఉంచాలో మీరే తేల్చుకోవాలి. అదే అసలు కష్టం, అదే అసలు సరదా. రెండో పని: మీ ఇంట్లో అమ్మ చేతికో, తాతగారి నడుముకో బాధ కలిగించే వస్తువు ఒకటి వెతికి, దాని బొమ్మ వేసి, ఎలా మారిస్తే బాగుంటుందో పక్కన రాయండి.

మరి ఆ కుర్రవాడు ఏమయ్యాడంటారా? ఇప్పుడు వాడు నడివయసువాడు. ఆ ఊళ్ళోనే ఉన్నాడు. చుట్టుపక్కల మగ్గాలకు డిజైన్లు గీసి ఇస్తాడు. కంప్యూటరు తనంతట తాను నేర్చుకున్నాడు. నేను ఉద్యోగం నుంచి విరమించాక ఒకసారి వాడి ఇంటికి వెళ్ళాను. పెట్టెలో నుంచి పాత గ్రాఫు పుస్తకం తీసి చూపించాడు. పేజీ అడుగున నా ఎర్ర సిరా ఇంకా చెరగలేదు: "ఇది లెక్కల పుస్తకం."

నాకు సిగ్గు వేసింది. "ఆ పేజీ చింపేయరా," అన్నాను.

"ఉండనీ సార్," అన్నాడు వాడు నవ్వుతూ. "మీరు రాసింది నిజమే కదా. ఇది లెక్కల పుస్తకమే. ఆ పువ్వు ఇప్పటికీ అమ్ముడుపోతా ఉంది."